టెక్ సందేహాలు: 87 శాతం కాడ ఆగిపోయే కంపైల్

"అన్నా, మాది కాజీపేట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి రాస్ప్‌బెర్రీ పై 3బి అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఓపెన్‌సీవీని (ఫోటోలు, వీడియోలల్ల ఉన్నది గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) సోర్స్ నుంచి కంపైల్ చేస్తున్నం, అంటే కోడ్‌ను మెషిన్ భాషలకు మారుస్తున్నం, ఏనుమాముల మార్కెట్‌ల మిర్చి బస్తాలు కెమెరాతోని లెక్కపెట్టాలె. మేక్ -జె4 కొడ్తే 87 శాతం కాడ బోర్డు బిగుసుకపోతది, కాసేపటికి 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్: కిల్డ్' అని వస్తది. మూడుసార్లు గట్లనే అయింది. కంపైలర్ల బగ్ ఉన్నదా? ఓఎస్ 64 బిట్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్, బుక్‌వర్మ్ వెర్షన్."

బగ్ గిగ్ ఏం లేదు తమ్మీ, ఆ లైన్‌ల 'కిల్డ్' అన్న ఒక్క మాట పట్టుకో. కంపైలర్ దానంతట అది చావలే, ర్యామ్ నిండిపోతే లైనక్స్ కెర్నలే (ఓఎస్‌ల నడుమ భాగం) దాన్ని చంపేసింది. డీమెసెగ్ (కెర్నల్ సందేశాలు చూపించే కమాండ్) కొట్టి కిందికి చూడు, 'ఔట్ ఆఫ్ మెమరీ' అని, పక్కనే సీసీ1ప్లస్ అని సీ++ కంపైలర్ పేరు కనిపిస్తది. పై 3బిల ఉన్నదే 1 జీబీ, అందుల డెస్క్‌టాప్ తినంగ మిగిలింది కొంచెం, నువ్వేమో జె4 పెట్టి, అంటే ఒకేసారి నాలుగు ఫైళ్లు కంపైల్ చెయ్యమని, నలుగురు మేస్త్రీలను ఒక్క అర్రల తోలినవ్. సీ++ ఫైళ్లల్ల కొన్ని ఒక్కదానికే కొన్ని వందల ఎంబీ అడుగుతయ్, అసొంటివి నాలుగు ఒకేసారి తగిలినకాడ బోర్డు బిగుసుకపోతది.

జె1 పెట్టు, ఒక్కసారికి ఒక్క ఫైలే కంపైల్ అయితది. డెస్క్‌టాప్ బంద్ చేసి ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తోని (నెట్‌వర్క్ మీంచి బోర్డుకు లాగిన్ అయ్యే దారి) లాగిన్ అయ్యి టీమక్స్ అనే ప్రోగ్రామ్‌ల నడిపించు, వైఫై తెగినా లోపల పని నడుస్తనే ఉంటది. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు కార్డు మీద వాడుకునే జాగ) కూడా పెంచాలె: బుక్‌వర్మ్‌ల ఈటీసీ ఫోల్డర్ల డీఫిస్-స్వాప్‌ఫైల్ అని ఒక ఫైలు ఉంటది, అందుల కాన్ఫ్ స్వాప్‌సైజ్ 2048 చేసి ఆ సర్వీస్ రీస్టార్ట్ చెయ్. పని అయినంక మళ్ల పాత నంబరే పెట్టు, ఎందుకంటే రాసుడు ఎక్కువైతే ఎస్‌డీ కార్డు తొందరగ పోతది. పాత ఎస్ఎస్‌డీ ఏదన్న ఉంటే యూఎస్‌బీకి తగిలించి స్వాప్ దానిమీదనే పెట్టుకో, ఇంకా మంచిది. రాత్రంతా పట్టినా పట్టొచ్చు, ఓపిక పట్టు.

మధ్యల కరెంట్ పోతే మొదటికి వచ్చినట్టు కాదు, మళ్ల మేక్ కొడ్తే ఆగినకాడి నుంచే నడుస్తది. నాకైతే ఒకసారి తెల్లారుజామున కరెంట్ పోయింది, మళ్ల నడిపిస్తే చివరికి కంపైల్ అయిన ముక్కలను (.ఓ ఫైళ్లు) కలిపే లింకర్ వచ్చి ఒక .ఓ ఫైలు గుర్తుపట్టలేనన్నది, చూస్తే సున్నా బైట్లు. రాస్తుండంగనే పవర్ పోయింది కదా, ఫైలు పేరు మిగిలింది, లోపల ఏం లేదు, మేక్ ఏమో తారీఖు చూసి ఇది అయిపోయింది అనుకున్నది. సున్నా సైజు .ఓ ఫైళ్లు వెతికి తీసేసినంకనే పని అయింది.

ఇంకో మాట, అసలు కంపైల్ ఎందుకు? బస్తాలు లెక్కపెట్టెటందుకు ఏప్ట్‌తోని (ఓఎస్ ప్యాకేజీలు వేసే కమాండ్) వచ్చే పైథాన్3-ఓపెన్‌సీవీ ప్యాకేజీ సరిపోతది, బుక్‌వర్మ్‌ల 4.6 ఉన్నది, నిమిషాల్ల పడ్తది. కొత్తది కావాలంటే వెన్వ్ (పైథాన్‌కు వేరే అర్ర లాంటిది) చేసుకుని అందుల పిప్ అనే పైథాన్ ప్యాకేజీ కమాండ్‌తోని తెచ్చుకో, 64 బిట్‌కి రెడీమేడ్ దొరుకుతది. ప్రత్యేకంగ ఏదన్న ఆప్షన్ కావాలంటేనే సోర్స్ జోలికి పో.

"మాది హనుమకొండ అన్నా. పై 4ను ఫోన్ చార్జర్‌తోని నడిపిస్తున్న, స్క్రీన్ మీద మెరుపు గుర్తు వస్తది, కంపైల్ నడుస్తే మస్తు స్లో అయితది."

ఆ మెరుపే జవాబు చెల్లె. పై 4కి 5 వోల్టులు, 3 ఆంప్‌లు కావాలె, ఫోన్ చార్జరో సన్నటి కేబులో లోడ్ పడంగనే వోల్టేజ్ దించుతది. వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్ అన్న కమాండ్ కొట్టు, 0ఎక్స్0 వస్తే బాగున్నట్టు, ఇంకేదన్న వస్తే కరెంట్ తక్కువైందో వేడి ఎక్కువైందో అన్నట్టు; నీకు మెరుపు గుర్తు వస్తుంది కాబట్టి ముందు చార్జర్, కేబుల్ రెండూ మార్చు. మే నెలల మన అర్రల్ల ఇంకో తిప్పలు కూడా ఉంటది, చిప్ 80 డిగ్రీలు దాటితే దానంతట అదే స్పీడ్ తగ్గించుకుంటది. హీట్‌సింక్, చిన్న ఫ్యాన్ పెట్టు.

"నమస్తే సార్, జమ్మికుంట నుంచి. ల్యాప్‌టాప్‌ల ఉబుంటు మీద కంపైల్ చేసిన ప్రోగ్రామ్ రాస్ప్‌బెర్రీ పైల వేస్తే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అంటుంది."

మీ ల్యాప్‌టాప్ ఇంటెల్ రకం ప్రాసెసర్‌దైతే, రాస్ప్‌బెర్రీ పైల ఉన్నది ఆర్మ్ రకం, ల్యాప్‌టాప్‌ల తయారైన బైనరీ (కంపైల్ అయిన ప్రోగ్రామ్) పైకి అర్థం కాదు. రెండు దాంట్ల యూనేమ్ -ఎమ్ అన్న కమాండ్ కొట్టి ప్రాసెసర్ రకం చూడండి. పైల 64 బిట్ ఓఎస్ ఉండి ఆర్క్64 (aarch64, అంటే 64 బిట్ ఆర్మ్) అని వస్తే ల్యాప్‌టాప్‌లనే ఆర్క్64 క్రాస్ కంపైలర్ (వేరే రకం ప్రాసెసర్ కోసం కంపైల్ చేసేది) ప్యాకేజీ వేసుకుని దాంతోని కంపైల్ చెయ్యండి. చిన్న ప్రోగ్రామే అయితే సోర్స్ ఫైలు పైల వేసి అక్కడనే జీసీసీ కంపైలర్‌తోని కంపైల్ కొట్టండి, నిమిషం పని.