డాక్టర్ సలహా: పాపకు తొమ్మిది నెలలు.. ఈ నీరసంతో పదోన్నతి తీసుకోగలనా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పాపకు తొమ్మిది నెలలు, ఇంకా నా పాలే ఇస్తున్నాను. మూడు నెలల క్రితం తిరిగి ఉద్యోగంలో చేరాను. కొన్ని వారాలుగా ఎంతసేపు పడుకున్నా నీరసం తగ్గడం లేదు. జుట్టు దువ్వితే కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తోంది. అందరికీ ఉక్కగా ఉన్నప్పుడు కూడా నాకు చలేస్తోంది. మీటింగ్‌లో చెప్పబోయిన మాట మధ్యలోనే మరిచిపోతున్నాను. చిన్న విషయానికే ఏడుపొస్తోంది. సరిగ్గా ఇప్పుడే ఆఫీసులో టీమ్ లీడర్‌గా పదోన్నతి ఇస్తామంటున్నారు. కొత్త తల్లులందరికీ ఇంతేనని ఇంట్లో అంటున్నారు. పదోన్నతి వద్దని చెప్పాలా, అసలు ఉద్యోగమే మానేయాలా?

జవాబు: మీ నీరసానికి ఉద్యోగమే కారణమని, అది మానేస్తే తగ్గిపోతుందని మీరు దాదాపుగా నిర్ధారణకు వచ్చినట్లు కనిపిస్తోంది. నాకు మాత్రం అంత సూటిగా అనిపించడం లేదు. మీరు రాసిన లక్షణాల్లో చాలావరకు పని ఒత్తిడి వల్లనే కాకుండా థైరాయిడ్ మందగించినా, శరీరంలో ఇనుము నిల్వలు అడుగంటినా, ప్రసవానంతర కుంగుబాటు ఉన్నా వస్తాయి. వీటన్నిటికీ మంచి చికిత్స ఉంది. కాబట్టి ఉద్యోగం విషయంలో ఆరు వారాలపాటు ఏ నిర్ణయమూ తీసుకోవద్దని నా సలహా. ఆ గడువు ఎందుకో ముందుకు వెళ్లేకొద్దీ మీకే అర్థమవుతుంది.

ముందుగా థైరాయిడ్ సంగతి చూద్దాం. ప్రసవమైన ఏడాదిలోపు సుమారు ప్రతి వంద మంది తల్లుల్లో ఐదుగురికి థైరాయిడ్ గ్రంథి వాపునకు గురవుతుంది. గర్భంలో ఉన్న శిశువును కాపాడడానికి కొంత తగ్గి ఉన్న రోగనిరోధక వ్యవస్థ, కాన్పు తర్వాత మళ్లీ చురుకై కొందరిలో సొంత గ్రంథి మీదే దాడి చేయడం దీనికి కారణం. ఇది తరచూ రెండు దశలుగా నడుస్తుంది. దెబ్బతిన్న గ్రంథిలోంచి నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి రావడంతో మొదటి నాలుగు నెలల్లో గుండెదడ, చెమటలు, చిరాకు, బరువు తగ్గడం వంటివి కనిపిస్తాయి. ఆ నిల్వ అయిపోయాక, అంటే సుమారు నాలుగో నెల నుంచి, హార్మోను చాలక నీరసం, చలి, మలబద్ధకం, జుట్టు రాలడం, మతిమరుపు, దిగులు మొదలవుతాయి. పాపకు రెండు మూడు నెలలున్నప్పుడు మీకు కారణం లేకుండా గుండె దడదడలాడిన రోజులున్నాయేమో గుర్తు చేసుకోండి. ఉంటే ఆ విషయం మీ వైద్యులకు తప్పక చెప్పండి. మొదటి దశను పసిబిడ్డతో సహజంగా ఉండే హడావుడిగా, రెండో దశను నిద్రలేమిగా భావించి అటు తల్లులూ, ఇటు కొన్నిసార్లు మా వైద్యులమూ వదిలేస్తుంటాం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం, ఎందుకంటే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే రెండు మామూలు రక్తపరీక్షలతో సంగతి తేలిపోతుంది.

టీఎస్‌హెచ్ పెరిగి ఉంటే థైరాయిడ్ మందగించిందని అర్థం. దానికి తోడు మీకున్నట్లు లక్షణాలు కూడా ఉంటే, ఆ హార్మోను లోటు తీర్చే లెవోథైరాక్సిన్ మాత్రలు ఇస్తారు. పాలిచ్చే తల్లులు వీటిని నిశ్చింతగా వాడవచ్చు. మోతాదు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మళ్లీ పరీక్ష చేయాలంటే సుమారు ఆరు వారాలు ఆగాలి, రక్తంలో హార్మోను స్థాయి కుదురుకోవడానికి అంత సమయం పడుతుంది. నేను పెట్టిన గడువు అక్కడి నుంచి వచ్చినదే. ఎక్కువ మందిలో ఏడాది, ఏడాదిన్నర లోపల గ్రంథి మళ్లీ కోలుకుంటుంది, కొందరికి మాత్రం మందు దీర్ఘకాలం అవసరమవుతుంది.

ఇనుము విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములు దాటింది కాబట్టి రక్తహీనత లేదని చెప్పి పంపేస్తారు. గర్భం, కాన్పులో రక్తస్రావం కలిసి నిల్వలను ఖాళీ చేసినా, హిమోగ్లోబిన్ కొంతకాలం నిలకడగానే కనిపించవచ్చు. నిల్వల సంగతి తెలియాలంటే ఫెరిటిన్ పరీక్ష కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తగ్గితే అది ఇనుము లోపమే, లక్షణాలున్నప్పుడు 30 కంటే తక్కువ ఉన్నా చాలామంది వైద్యులు చికిత్స మొదలుపెడతారు. మాత్రలు వేసుకుంటే టీ, కాఫీ, పాలతో కలిపి తీసుకోకండి. థైరాయిడ్ మాత్ర కూడా వాడాల్సి వస్తే రెండింటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. బి12, విటమిన్ డి పరీక్షలు అవసరమా అన్నది మిమ్మల్ని చూసిన వైద్యులు నిర్ణయిస్తారు.

జుట్టు గురించి ఒక్క మాట. కాన్పు తర్వాత మూడో నెల ప్రాంతంలో జుట్టు రాలడం సహజం, బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి అది సర్దుకుంటుంది. తొమ్మిదో నెలలోనూ ఇంత ఎక్కువగా రాలుతోందంటే మాత్రం పైన చెప్పిన పరీక్షలకు అది మరో కారణం.

ఇక ఏడుపు. కాన్పైన తొలి రోజుల్లో వచ్చే దిగులు రెండు వారాల్లో దానంతటదే పోతుంది. ఆ తర్వాత, మొదటి ఏడాదిలో ఎప్పుడైనా సరే, రెండు వారాలకు మించి మనసు కుంగి ఉంటే, ఇదివరకు సంతోషాన్నిచ్చినవి ఇప్పుడు ఇవ్వకపోతే, పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోతే, 'నేను మంచి తల్లిని కాదు' అనే మాట పదేపదే మనసులో తిరుగుతుంటే, దాన్ని కుంగుబాటుగానే చూడాలి. ప్రసవించిన స్త్రీలలో సుమారు 13 శాతం మంది మానసిక సమస్యకు, అందులోనూ ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీన్ని గుర్తించడానికి 1987లో రూపొందించిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే, ఐదు నిమిషాల్లో పూర్తవుతుంది. మీ వైద్యులు అడగకపోతే మీరే అడిగి చేయించుకోండి. కౌన్సెలింగ్‌తో చాలామంది కోలుకుంటారు. మందులు అవసరమైనా, సెర్ట్రాలిన్ వంటివి తల్లిపాలలోకి చేరేది చాలా తక్కువ కాబట్టి పాలు మాన్పించాల్సిన పని సాధారణంగా ఉండదు. మీకు మీరు హాని చేసుకోవాలన్న ఆలోచన గానీ, పాపకు ఏదైనా చేస్తానేమోనన్న భయం గానీ ఒక్కసారి వచ్చినా, రక్తపరీక్షల కోసం ఆగకుండా ఆ రోజే ఇంట్లో వారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. అలాంటి ఆలోచన రావడం మీ తప్పు కాదు, అది జబ్బు లక్షణం.

పరీక్షలతో పాటు ఈ వారమే మొదలుపెట్టాల్సినది నిద్ర. రాత్రికి మొత్తం ఏడు గంటలు పడుకున్నా, అది గంటన్నరకొకసారి తెగిపోతుంటే మెదడుకు విశ్రాంతి దొరకదు. మీకు ముందుగా కావలసింది కనీసం నాలుగైదు గంటల ఎడతెగని నిద్ర. రాత్రిని రెండు భాగాలు చేసి ఒక భాగం పూర్తిగా మీ భర్తకు గానీ, ఇంట్లో మరో పెద్దవారికి గానీ అప్పగించి, ఆ సమయంలో మీరు వేరే గదిలో పడుకోండి. అందుకోసం పిండి ఉంచిన పాలు మామూలు గది ఉష్ణోగ్రతలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిల్వ ఉంటాయి. తొమ్మిది నెలల బిడ్డ రాత్రి లేచిన ప్రతిసారీ ఆకలితోనే లేవదు. జోకొడితే మళ్లీ నిద్రపోయే సందర్భాలు చాలానే ఉంటాయి, ఆ జోకొట్టడం తల్లే చేయాలని లేదు.

ఇంటి పని పంచుకోవడం గురించి కూడా మీ ఇంట్లో వివరంగా మాట్లాడండి. టీకా ఎప్పుడు వేయించాలి, పాప బట్టలు ఎప్పుడు చాలకుండా పోతాయి, జ్వరం మందు ఇంట్లో ఉందా, రేపు పాపను ఎవరు చూసుకుంటారు అన్నవన్నీ ఒక్కరి తలలోనే తిరుగుతుంటే, పనులు ఎంతమంది చేసిపెట్టినా ఆ ఒక్కరి అలసట తీరదు. మీటింగ్ మధ్యలో మీరు మాట మరిచిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అందుకే పనులను ముక్కలుగా పంచకుండా, ఒక బాధ్యతను మొదటి నుంచి చివరి వరకు అప్పగించండి. ఉదాహరణకు టీకాలు మీ భర్తవైతే తేదీ గుర్తుంచుకోవడం, సెలవు పెట్టుకోవడం, తీసుకెళ్లడం, ఆ రాత్రి జ్వరం వస్తే చూసుకోవడం అన్నీ ఆయనవే కావాలి. మొదట్లో ఆయన చేసే తీరు మీకు నచ్చకపోయినా మధ్యలో కలగజేసుకోకండి. కొత్త తల్లులందరికీ ఇంతేనని అంటున్న వారికి ఈ జవాబు చదివి వినిపించండి, వారు మీ మేలు కోరే అంటూ ఉండవచ్చు గానీ ఆ మాట వల్ల చికిత్స ఆలస్యమవుతోంది.

ఇక ఆఫీసులో మీ పై అధికారికి పదోన్నతి మీద ఆసక్తి ఉందని చెప్పి, జవాబు ఇవ్వడానికి ఆరు వారాల సమయం అడగండి. జబ్బు వివరాలు చెప్పాల్సిన అవసరం లేదు. ఈలోగా ఆ కొత్త బాధ్యతలో పని గంటలు ఎలా ఉంటాయి, రాత్రి కాల్స్ ఎన్ని, ప్రయాణాలు ఎన్ని, ఇప్పుడు చేస్తున్న పని ఎవరికి అప్పగిస్తారు అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. పాలు పిండుకోవడానికి విరామాలు అడగడానికి మొహమాటపడకండి. 2000 సంవత్సరంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 183వ ఒప్పందం, బిడ్డకు పాలిచ్చే తల్లికి రోజూ విరామం గానీ, పని గంటల తగ్గింపు గానీ ఉండాలని, ఆ సమయానికి జీతం కోయకూడదని చెబుతోంది. మీ సంస్థ నియమాల్లో ఏముందో చూసుకోండి. ఒకవేళ చేస్తున్న పనికి తోడుగా కొత్త పని మీద పడడమే పదోన్నతి అయితే, ఎంత ఆరోగ్యంగా ఉన్నవారైనా దానికి షరతులు పెట్టాల్సిందే.

పరీక్షలన్నీ మామూలుగా ఉంటే మీరు చెప్పినవన్నీ ఊహలేనని ఎవరూ అనకూడదు, మీరూ అనుకోకూడదు. అప్పుడు మీ అలసటకు మూలం నిద్రలోనూ పనిభారంలోనూ ఉందని అర్థం, ఆ రెండింటినే మరింత గట్టిగా మార్చాల్సి ఉంటుంది. పరీక్షలకు వెళ్లేముందు లక్షణాలు ఏవి ఎప్పుడు మొదలయ్యాయో తేదీలతో, కాన్పు సమయంలో రక్తం ఎక్కువగా పోయిందా అన్న వివరంతో, మీ తల్లికి గానీ తోబుట్టువులకు గానీ థైరాయిడ్ సమస్య ఉందా అన్న సమాచారంతో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఆరు వారాల తర్వాత రెండోసారి చేయించిన పరీక్షల ఫలితాలను, ఆఫీసు వారు ఇచ్చిన వివరాలను పక్కపక్కన పెట్టుకుని పదోన్నతి గురించి ఆలోచించండి.