ఒకే మాత్ర మనవడికి, నానమ్మకు: మరి ఫోలిక్ యాసిడ్ ఎవరికి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సంపేట దగ్గర ఊరు. మా బాబుకు ఏడేండ్లు. బ్లడ్ క్యాన్సర్, ఏఎల్ఎల్ అన్నారు. హైదరాబాద్‌లో కీమో అయిపోయింది, ఇప్పుడు ఇంట్లోనే మాత్రలు వేస్తున్నాం. వాటిలో వారానికి ఒకసారి వేసే మెథోట్రెక్సేట్ ఉంది. మా అత్తమ్మకు కీళ్లవాతానికి హనుమకొండలో రాసిన మాత్ర కూడా అదే! కానీ ఆమెకు తోడుగా పసుపు రంగు ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇచ్చారు, బాబుకు ఇవ్వలేదు. పిల్లాడు నీరసంగా ఉంటున్నాడు, రక్తం పడుతుంది, నా మాత్రలే వేద్దాం అంటోంది అత్తమ్మ. వేయొచ్చా?

జవాబు: వద్దమ్మా. బాబును చూస్తున్న క్యాన్సర్ డాక్టర్ చెబితే తప్ప ఒక్క మాత్ర కూడా వేయొద్దు. రక్తం పట్టే టానిక్‌లు కూడా అంతే, చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, సీసా మీద చదివి చూడండి.

అత్తమ్మను కోప్పడకండి, ఒకప్పుడు బోస్టన్‌లో పెద్ద డాక్టర్‌కు వచ్చిన ఆలోచనే ఆమెకూ వచ్చింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. రక్తహీనతకు పనిచేసే విటమిన్ కదా, లుకేమియాకూ (బ్లడ్ క్యాన్సర్‌కూ) పనిచేస్తుందేమోనని ఆ బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ రకం మందులను పిల్లలకు ఇచ్చి చూశారు. తగ్గకపోగా జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుంటే? అలా అడ్డుకునే మందులను సుబ్బారావు బృందమే చేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్‌ను వాడిన 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైందని ఫార్బర్ 1948 జూన్‌లో రాశారు. కొన్నాళ్లకే జబ్బు తిరగబెట్టింది, నిజమే, కానీ లుకేమియాను ఒక మందు వెనక్కి నెట్టడమే ఆ రోజుల్లో పెద్ద వింత. మీ బాబు వేసుకునే మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

అది చేసేదేమిటంటే, కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ రకం విటమిన్ కావాలి. మెథోట్రెక్సేట్ మన పత్తి రైతుకు అంటగట్టే నకిలీ విత్తనం లాంటిది, చూడటానికి ఫోలేట్ లాగే ఉండి ఎంజైమ్‌ను మోసం చేస్తుంది, పని మాత్రం జరగదు. వేగంగా పెరిగే కణాలకు ముందు దెబ్బ తగులుతుంది. ఎక్కడో దాక్కున్న ఒకటీ అరా లుకేమియా కణాలు కూడా మిగలకూడదనే బాబుకు ఇన్ని నెలలు వేస్తున్నారు, అందుకే వాటికి ఫోలిక్ యాసిడ్ అందించే పని మనం పెట్టుకోకూడదు. అత్తమ్మకు కావాల్సింది కీళ్ల వాపు తగ్గడం. ఆమెకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే నోటి పుండ్లు, వికారం, లివర్ ఇబ్బంది తగ్గుతాయి, మందు పని పెద్దగా చెడదు.

మీరు అడగకపోయినా ఇంకో మాట. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, ఆ రోజు పేరు డబ్బా మీద పెద్దగా రాసి పెట్టండి. బాబుకు రోజూ వేసేది 6-ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్) అనే ఇంకో క్యాన్సర్ మాత్ర అయి ఉంటుంది, రెండూ తారుమారైతే ప్రాణం మీదికొస్తుంది. అత్తమ్మ డబ్బా, బాబు డబ్బా వేర్వేరు అల్మరాల్లో ఉండాలి. నీరసానికి ముందు రక్తపరీక్ష చేయించండి, మందే కొంచెం తగ్గించాల్సి రావచ్చు, అది డాక్టర్ చూస్తారు. జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా ఆస్పత్రికే. బాగానే ఆడుకుంటున్నాడు కదా అని మాత్రలు మీ అంతట మీరు ఆపేయొద్దు.

ప్రశ్న: సుబ్బారావు గారు చేసింది క్యాన్సర్ మందు ఒక్కటేనా? – డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: కాదు. హార్వర్డ్‌లో ఉండగా ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాల్లో శక్తిని నిల్వ చేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని బయటపెట్టారు (ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నారు). క్యాన్సర్ సంగతికొస్తే, 1956 నుంచి మెథోట్రెక్సేట్‌తో కోరియోకార్సినోమా అనే మావి క్యాన్సర్ పూర్తిగా నయం కావడం మొదలైంది, గడ్డ రూపంలో ఉండే క్యాన్సర్ మందులతోనే నయమవుతుందని అప్పుడే తెలిసింది. అది ఆయన చూడలేదు, 1948 ఆగస్టులోనే, 53 ఏళ్లకు పోయారు. మన దగ్గర ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పంచే బోదకాలు మాత్ర డీఈసీ కూడా ఆయన నడిపిన ల్యాబ్ నుంచి వచ్చిందే. చాలామంది దాన్ని తర్వాత వేసుకుంటామని జేబులో పెట్టుకుని పారేస్తారు. మీరైతే అన్నం తిని ఆశా కార్యకర్త ముందే మింగండి.