పచ్చ కారు పోయాక, ఇంకోటి కొనేముందు

చిన్నా,

రాత్రి మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, వాడికి దెబ్బలేం తగల్లేదట కానీ రెండు రోజులుగా సరిగ్గా తినట్లేదు, ఒకసారి మాట్లాడు" అంది. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని రాస్తున్నాను.

ముందు డాక్టరుగా ఒక మాట. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి వ్యాన్ గుద్దింది అన్నావు. ఇలాంటి దెబ్బకి మెడనొప్పి కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు ఆగి మొదలవుతుంది. తల తిప్పితే పట్టేసినట్టున్నా, చేతుల్లో తిమ్మిరిగా ఉన్నా వెంటనే చూపించుకో. కారు సంగతి ఆ తర్వాతే.

ఇక నీ పచ్చ కారు. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1972 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేనిది, క్రోమ్ బంపర్లది. కిందటేడు మీ అమ్మ వచ్చినప్పుడు టాపు తీసేసి, ఆవిడ తలకి పమిట చుట్టి, కర్క్‌స్టోన్ పాస్ కొండదారి ఎక్కించావే, ఆ ఫొటో మా హాల్లో ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని రైట్ ఆఫ్ చేస్తూ, అంటే బాగుచేయించడం దండగని తేల్చేస్తూ, కాగితం పంపితే మనసుకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. 1991లో నా జీటీకి, ఎంజీబీలోనే పైకప్పున్న రకానికి, అదే గతి పట్టింది. అప్పుడు నేను చేసిన రెండు తప్పులు నువ్వు చేయకూడదనే ఈ ఉత్తరం.

మొదటి తప్పు, కంపెనీ వాళ్లు ఫోన్ చేసి ఒక అంకె చెప్తే పది నిమిషాల్లో సరేననడం. బాధలో ఉన్నాను, అయిపోతే చాలనుకున్నాను. తర్వాత చూస్తే ఆ డబ్బుకి అలాంటి కారు ఎక్కడా దొరకలేదు. నీకు 7,500 పౌండ్లు ఇస్తామన్నారట. నీది కారు విలువ ముందే ఒప్పుకుని రాసుకునే అగ్రీడ్ వాల్యూ పాలసీ కాదు కాబట్టి మార్కెట్ విలువే లెక్క. అంటే గుద్దుకోవడానికి ముందు నిమిషంలో, అదే వయసు, అదే కండిషన్‌లో ఉన్న కారు కొనాలంటే ఎంత అవుతుందో అంత. వాళ్ల మొదటి అంకె బేరానికి మొదలు అనుకో. మూడేళ్లుగా నువ్వు దాచిన బిల్లులు, తలుపుల కింది సిల్స్ మార్పించినప్పటి ఫొటోలు, అలాంటి కార్లు ఇవాళ ఎంతకి అమ్ముతున్నారో చూపించే ప్రకటనలు నాలుగైదు, అన్నీ కలిపి రాతపూర్వకంగా పంపు. ఎంజీ ఓనర్స్ క్లబ్‌నో, ఎంజీ కార్ క్లబ్‌నో అడిగి, ఈ కార్లు తెలిసినవాళ్లతో విలువ రాయించుకో. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదు పెట్టు. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, తేల్చింది నీకు నచ్చకపోయినా, ఇలాంటి తగవులు తీర్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. నీకు పైసా ఖర్చుండదు. కోపంగా రాయకు. కేస్ షీట్ రాసినట్టు రాయి.

ఆ కారునే వెనక్కి తీసుకుని బాగుచేయించుకోవాలని ఉందన్నావు. ఇక్కడ నేను కాస్త గట్టిగానే చెప్తాను. దానికి కేటగిరీ ఎస్ వేశారు, అంటే దెబ్బ బాడీ నిర్మాణానికి తగిలింది. ఈ కారుకి కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే అన్నీ మోస్తుంది. డిక్కీ నేల ముడతపడి, కుడి తలుపు బిగుసుకుపోయిందంటే వంకర ముందు దాకా పాకినట్టే. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత అచ్చుల మీదే కొత్త బాడీలు చేస్తున్నారు, నిజమే. కానీ బాడీ ఖరీదు, రంగు, మనుషుల కూలీ కలిపితే నీకొచ్చే డబ్బు ఏ మూలకీ చాలదు. పైగా కారు వెనక్కి తీసుకున్నవాళ్లకి ఆ పాడైన కారు విలువ కోసుకుని మరీ ఇస్తారు. కేటగిరీ ఎస్ ముద్ర కూడా ఆ కారుని వదలదు. వదిలెయ్ నాన్నా.

వదిలేముందు రెండు పనులు చేయి. నంబర్ ప్లేటు ఉంచుకోవాలనుంటే, డబ్బు తీసుకోకముందే కంపెనీకి చెప్పి, బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ దగ్గర దాన్ని నీ పేరు మీద నిలిపి ఉంచమని దరఖాస్తు పెట్టు. కారు చేయి దాటాక నంబరు రాదు. రెండోది, మీ నాన్న కొనిచ్చిన చెక్క గేర్ నాబ్. అది ఉంచుకుంటానని ముందే రాసి, ఒప్పుకున్నాక తీసుకో. నా జీటీ స్టీరింగ్ నేను తీసుకోలేదు. ముప్పై ఏళ్లు దాటినా అది అరచేతుల్లోనే ఉన్నట్టుంటుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. మూడు వారాల్లో ఇంకో కారు కొనేశాను. అదే ఏడాది, అదే ఎరుపు, అద్దంలా మెరుస్తోంది. పోయిన కారే తిరిగొచ్చిందనుకున్నాను. ఒక్క చలికాలం గడిచింది. వసంతంలో ఎడమ తలుపు కింద చిన్న పొంగు కనిపిస్తే బొటనవేలితో నొక్కాను. రంగు పెళుసుగా విరిగి వేలు లోపలికి పోయింది. లోపల ఇనుము లేదు. పుట్టీ, దాని కింద జాలీ, దాని కింద తుప్పు పొడి. పైన పటారం లోన లొటారం. ఆ సిల్స్ మార్పించడానికి కారు కొన్న ధరలో సగం పైనే అయింది.

అందుకే చెప్తున్నా, రంగు చూసి కొనకు, బాడీ చూసి కొను. ఎంజీబీలో ఇంజన్ పోతే పెద్ద దిగులు లేదు. 1798 సీసీ బి-సిరీస్ ఇంజన్ని బాగుచేసేవాళ్లు, దాని సామాను ఇప్పటికీ పుష్కలం. బాడీ అలా కాదు. తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టెలాంటి భాగమే సిల్. రోడ్‌స్టర్‌కి పైకప్పు లేదు కాబట్టి కారు నడుము బలమంతా అక్కడే. పలుచటి అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి సిల్ పొడుగునా, ముందు రెక్కల కింది అంచున, వెనక చక్రాల చుట్టూ జరుపుతూ పో. పట్టు జారిన చోట పుట్టీ ఉంది. తర్వాత యజమాని ఒప్పుకుంటే జాకీ పాయింట్ దగ్గర జాకీ పెట్టి మెల్లగా లేపించు. కిర్రుమన్నా, లేపాక తలుపు తెరిచి మూస్తుంటే అంచుకి రాసుకున్నా, థాంక్స్ చెప్పి వచ్చేయ్. ఆ కారు గురించి ఇంకేమీ చూడనక్కర్లేదు.

వైర్ వీల్స్ ఉంటే చిన్న స్పానర్‌తో ఒక్కో చువ్వనీ తట్టు. నేను రోగి ఛాతీ మీద వేలితో తట్టి వినేవాణ్ణి, ఇదీ అంతే. బిగువుగా ఉన్న చువ్వ గంటలా పలుకుతుంది, వదులైనది మొద్దుగా. రివర్స్ నుంచి ముందుకి మార్చినప్పుడు వెనక నుంచి టక్కుమంటే చక్రాన్ని పట్టి తిప్పే హబ్ పళ్లు అరిగాయేమో చూపించు.

ఇంజన్ వేడి చేసి ఉంచొద్దని ముందే చెప్పు, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వేడెక్కాక 50 మైళ్ల వేగంలో ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్ఐకి అటూ ఇటూగా నిలబడాలి. ఓవర్‌డ్రైవ్ అనే అదనపు గేరుని నాలుగో గేరులో ఉండగా వేయగానే ఇంజన్ శబ్దం దిగాలి. ఎంఓటీ, అంటే ఏటా చేసే కారు ఫిట్నెస్ పరీక్ష, దాని చరిత్ర 2005 నుంచి ఆన్‌లైన్లో ఉచితంగా చూడొచ్చు, పాత రిపోర్టుల్లో "తుప్పు" ఎన్నిసార్లు వచ్చిందో చదువు. 40 ఏళ్లు దాటిన కార్లకి 2018 నుంచి ఎంఓటీ తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది మానేశారు. అయినా సొంతంగా చేయిస్తున్న యజమాని దొరికితే అతని మాటకి నేను ఎక్కువ విలువిస్తాను.

పచ్చదే కావాలి, 72దే కావాలి అని పట్టుబట్టకు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా, పోయిన కారు రోజురోజుకీ గొప్పదవుతుంది, కొత్తది ఏదొచ్చినా దానిముందు తేలిపోతుంది. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి ఎత్తు పెంచారని ఆ కార్లని చాలామంది చిన్నచూపు చూస్తారు. గట్టి బాడీ ఉన్న రబ్బరు బంపర్ కారు, పుచ్చిపోయిన క్రోమ్ బంపర్ కారు పక్కపక్కన పెడితే నేను కళ్లు మూసుకుని మొదటిదే తీసుకుంటాను. జీటీ కూడా నడిపి చూడు. పైకప్పు ఉంది కాబట్టి వంకర టింకర దారిలో గట్టిగా ఉంటుంది. మీ ఫ్రెండ్స్ చెప్పే మాజ్డా ఎంఎక్స్-5 మంచి కారే. కానీ ఆదివారం పొద్దున ఎస్‌యూ కార్బురేటర్లు సర్దుకుంటూ కూర్చునే సుఖం నీకు కావాలని నాకు తెలుసు. అది అందులో ఉండదు.

డబ్బొచ్చాక బ్యాంకులో వేసి, ఈ చలికాలం అంతా కొనకుండా చూడు. వారానికి ఒకటి చొప్పున చూసినా పది పన్నెండు కార్లు అవుతాయి, అప్పటికి నీ చేతులకే తెలుస్తుంది. కొన్నరోజే అగ్రీడ్ వాల్యూ పాలసీ తీసుకో, ఫొటోలు తీసి పంపి, కాగితం మీద అంకె వేయించుకో, ధరలు మారితే మళ్లీ వేయించు.

ఈ శనివారం నాకు ఖాళీ. వూస్టర్ దగ్గర ఒక లేత పసుపు జీటీ అమ్మకానికుంది. కొనడానికి కాదు, నీ చెయ్యి అలవాటు కావడానికి. టార్చి, అయస్కాంతం, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి నా డిక్కీలో ఉన్నాయి. పదింటికి వచ్చి ఎక్కించుకుంటాను, ఈలోపు అన్నం తిను.

మామయ్య