అక్షరాలు కలిస్తే చాలదు

అమ్మాయికి,

ఆశీస్సులు. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (డీఎన్ఏను పట్టుకుని జన్యువుల పనిని నియంత్రించే ప్రొటీన్) మీద పని మొదలుపెట్టావని, కంప్యూటర్లో వెతకగానే అది పట్టుకునే ఆరక్షరాల డీఎన్ఏ వరుస జన్యురాశిలో లక్షల చోట్ల దొరికిందని రాశావు. నీ ఉత్సాహం చూసి ఆనందించాను కానీ, ఆ జాబితాను మాత్రం నమ్మకు. ఆరక్షరాల వరుస ఏదైనా సగటున 4,096 అక్షరాలకొకసారి ఊరికే తగులుతుంది. మనిషి జన్యురాశి సుమారు 300 కోట్ల అక్షరాలు. అంటే ఏ ప్రొటీన్ ప్రమేయమూ లేకుండానే ఏడు లక్షలకు పైగా చోట్లు వస్తాయి. పైగా వాటిలో చాలా భాగం హిస్టోన్లనే ప్రొటీన్లకు చుట్టుకుని, సులువుగా అందకుండా ఉంటుంది.

ముందు ప్రొటీన్ దేన్ని పట్టుకుంటోందో నీ కళ్లతో చూడు. 1991లో పావ్లెటిచ్, పాబో వెల్లడించిన జిఫ్268 అనే ప్రొటీన్ డీఎన్ఏను పట్టుకున్న నిర్మాణంతో మొదలుపెట్టు. ప్రొటీన్ డేటా బ్యాంకులో ఉచితంగా దొరుకుతుంది. దాని మూడు జింక్ ఫింగర్లు (జింక్ అణువు పట్టి ఉంచే వేళ్లలాంటి భాగాలు) డీఎన్ఏ మెలికలోని పెద్ద గాడిలో వరుసగా ఒదిగి, ‘జీసీజీ టీజీజీ జీసీజీ’ అన్న తొమ్మిది అక్షరాలను తలా మూడు చొప్పున పంచుకుంటాయి. మొదటి ఫింగర్ కూర్చునేది చివరి జీసీజీ మీద. ప్రొటీన్ దిశ, ఆ డీఎన్ఏ పోగు దిశ ఎదురెదురు. కొత్తవాళ్లు తరచు ఇక్కడే తికమకపడతారు.

ఆ మొదటి ఫింగర్ దగ్గరే ఒక పూట గడుపు. దాని హెలిక్స్ (మెలి తిరిగిన భాగం) మొదట్లో ఉన్న ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం చెయ్యి చాచి గ్వానిన్‌కు (జీ అక్షరానికి) రెండు హైడ్రోజన్ బంధాలు వేస్తుంది: ఒకటి ఆరో స్థానంలోని ఆక్సిజన్‌తో, మరొకటి ఏడో స్థానంలోని నైట్రోజన్‌తో. గ్వానిన్ బదులు ఎడినిన్ (ఏ అక్షరం) పెడితే, ఆక్సిజన్ ఉండవలసిన చోట అమైనో గుంపు వస్తుంది. ఇటూ హైడ్రోజనే, అటూ హైడ్రోజనే. ఇక బంధం ఎక్కడిది? పక్కనే ఉన్న ఆస్పార్టేట్ అనే మరో అమైనో ఆమ్లాన్ని కూడా గమనించు. ఆర్జినిన్ అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచుతున్నది అదే. ఇంత చక్కని అమరిక ప్రకృతిలో అరుదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇలాంటి నిర్మాణం ఒక్కటీ బయటపడక ముందే, 1976లో సీమన్, రోజెన్‌బర్గ్, రిచ్ ఈ ఆర్జినిన్-గ్వానిన్ జత ఉండవచ్చని ఊహించారు. నాలుగు రకాల క్షారజంటలూ (ఎదురెదురు అక్షరాల జతలు) పెద్ద గాడిలో వేరువేరుగా కనిపిస్తాయని, చిన్న గాడిలో ఏ-టీని టీ-ఏ నుంచి విడదీయడం కష్టమని చెప్పిందీ వారే.

అయితే దీన్ని సూత్రంగా బట్టీ పట్టకు. ‘టీఏటీఏ’ అక్షరాల వరుసను గుర్తించే టాటా బైండింగ్ ప్రొటీన్ చిన్న గాడినే పట్టుకుని డీఎన్ఏను బాగా వంచేస్తుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 ప్రొటీన్‌లో 273వ స్థానంలోని ఆర్జినిన్ అసలు అక్షరాలనే తాకదు, ఫాస్ఫేట్ వెన్నెముకను పట్టుకుంటుంది. అయినా క్యాన్సర్లలో ఎక్కువగా మారిపోయే స్థానాల్లో అదొకటి. అంటే, డీఎన్ఏ వంపు, ఆకారం, వెన్నెముక, ఇవన్నీ గుర్తింపులో భాగమే.

ఇక బల్ల దగ్గరి పని. జెల్ షిఫ్ట్‌లో (ప్రొటీన్ అంటుకున్న డీఎన్ఏ జెల్‌లో నెమ్మదిగా కదలడాన్ని చూసే పరీక్ష) బ్యాండ్ పైకి జరిగినంత మాత్రాన గుర్తింపు రుజువైనట్టు కాదు. ధనావేశమున్న ప్రొటీన్ ఏ డీఎన్ఏకైనా ఎంతో కొంత అంటుకుంటుంది. అందుకే, అలా ఊరికే అంటుకునే ప్రొటీన్‌ను తనవైపు లాక్కునే కృత్రిమ డీఎన్ఏ పాలీ డీఐ-డీసీని లేబుల్ చేసిన డీఎన్ఏ కంటే ముందే కలుపు. లేబుల్ లేని అదే వరుసను ఒక లేన్‌లో, ఒకే ఒక్క అక్షరం మార్చిన వరుసను పక్క లేన్‌లో పోటీకి పెట్టు. మొదటిది బ్యాండ్‌ను చెరిపేసి రెండోది చెరపలేకపోతే, అప్పుడు నీ మాటకు బలం వస్తుంది. ఆ తర్వాత ఆ అక్షరాన్ని తాకుతోందనుకున్న అమైనో ఆమ్లాన్ని ఎలనిన్‌గా మార్చు. బంధం పోయిందా? వెంటనే సంబరపడకు. ప్రొటీన్ మడత చెడినా బంధం పోతుంది కాబట్టి, సర్క్యులర్ డైక్రోయిజంలో (కాంతితో ప్రొటీన్ మడతను పరీక్షించే పద్ధతి) మడత సరిగా ఉందో లేదో చూసుకో. జింక్ ఫింగర్లతో పనిచేసేటప్పుడు బఫర్లో ఈడీటీఏ లేకుండా జాగ్రత్తపడు. అది జింక్‌ను లాగేసుకుంటుంది.

మొదటి జెల్ ఫొటో పంపు. అందులో ప్రొటీన్ కలపని లేన్ తప్పకుండా ఉండాలి. దాన్ని చూశాక బఫర్లో ఉప్పు ఎంత పెంచాలో ఆలోచిద్దాం.

నీ పెదనాన్న