ఆనర్స్ అనే తోక కోసం ఆరు పేపర్లు అదనంగా చదవాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చెన్నై పెరంబూరులో స్థిరపడిన కుటుంబం. అన్నా యూనివర్సిటీ అనుబంధ కళాశాలలో ఈసీఈ నాలుగో సెమిస్టరు చదువుతున్నాను. సీజీపీఏ 7.9, అరియర్లు (తప్పి మిగిలిపోయిన పేపర్లు) లేవు. ఐదో సెమిస్టరు నుంచి ఆనర్స్‌కు పేరు నమోదు చేసుకోవచ్చంటున్నారు. పట్టా మీద ఆ మాట ఉంటే ఉద్యోగం సులువుగా వస్తుందని నాన్నగారి నమ్మకం. మధ్యలో మానేస్తే చదివినదంతా వృథా అని అక్క భయపెడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి, పెరంబూరు

జవాబు: మీకు వర్తించే 2021 నియమావళి ప్రకారం ఆనర్స్ పట్టాకు మామూలు బీఈ క్రెడిట్లకు తోడు మరో 18 క్రెడిట్లు సంపాదించాలి; అంటే మూడేసి క్రెడిట్ల పేపర్లు ఆరు. సీజీపీఏ 7.50కి తగ్గకూడదు. అన్ని పేపర్లూ మొదటి ప్రయత్నంలోనే ప్యాసవ్వాలి. అందరూ ఆ 18 అంకెను చూసి జంకుతారు కానీ, అసలు కత్తి చివరి షరతులో ఉంది. సీజీపీఏ కాస్త జారినా తర్వాతి సెమిస్టరులో పూడ్చుకోవచ్చు. ఒక్క అరియరు పడిందా, ఆనర్స్ ఆశ అక్కడితో సరి. పైగా ఈసీఈ వారు హడలిపోయే ట్రాన్స్‌మిషన్ లైన్స్ అండ్ ఆర్ఎఫ్ సిస్టమ్స్ పేపరు సరిగ్గా ఐదో సెమిస్టరులోనే ఉంది. ఆ పేపరులో లెక్కలకు వాడే స్మిత్ చార్టు అనే పటం మీద వృత్తాలతో కుస్తీ పడుతూనే అదనపు పేపరుకు అసైన్‌మెంట్లు రాయగలనా అని ఇప్పుడే ప్రశ్నించుకోండి. మొదటి రెండేళ్లలో ఏ పేపరునైనా బొటాబొటి మార్కులతో గట్టెక్కి ఉంటే నమోదుకు తొందరపడవద్దనే నా సలహా.

అక్కగారి భయం మాత్రం నిజం కాదు. మధ్యలో విరమించుకున్నవారి అదనపు పేపర్లను పాఠ్యక్రమంలోని ప్రొఫెషనల్ ఎలక్టివ్‌ల (తమ బ్రాంచిలో విద్యార్థులే ఎంచుకునే పేపర్ల) స్థానంలో లెక్కిస్తారు. కావలసిన సంఖ్యకు మించి చదివి ఉంటే ఎక్కువ గ్రేడు వచ్చినవాటినే సీజీపీఏకు తీసుకొని, మిగిలినవాటిని మార్కుల పత్రంలో ముద్రించి ఊరుకుంటారు.

ఇక నాన్నగారి నమ్మకం. క్యాంపస్ ఎంపికల తొలి వడపోతలో కంపెనీలు సీజీపీఏను, రాత పరీక్షను చూస్తాయే తప్ప ఆనర్స్ ఉందా అని అడగడం నేను పెద్దగా చూడలేదు. ఇంటర్వ్యూలో మాత్రం అది అక్కరకు రావచ్చు, అదీ ఆ ఆరు పేపర్లకూ ఒకదానితో ఒకటి పొత్తు కుదిరితేనే. ఆరింటినీ ఒకే వర్టికల్ (ఒకే అంశానికి చెందిన పేపర్ల వరుస) నుంచి తీసుకుంటే పట్టా మీద ఆ స్పెషలైజేషన్ కూడా వస్తుంది. వేర్వేరు వర్టికల్స్ నుంచి ఏరుకుంటే ఉత్త ఆనర్స్ అనే ఉంటుంది. శనివారం తరగతి లేనిదేదో, మార్కులు ధారాళంగా వేసే మాస్టారు ఎవరో విచారించి పేపర్లు ఎంచుకునేవారే ఎక్కువ. మీకు సర్క్యూట్ల మీద మక్కువ ఉంటే సెమికండక్టర్ చిప్ డిజైన్ అండ్ టెస్టింగ్ వర్టికల్‌ను పట్టుకొని, చివరి ఏడాది ప్రాజెక్టును కూడా అందులోనే చేయండి. అలాంటి మక్కువ ఏ వర్టికల్ మీదా లేకపోతే, ఆ సమయాన్ని ఉన్న సీజీపీఏను 8 దాటించడానికి వాడుకోవడం మేలు.

ప్రశ్న: మా అబ్బాయి బీఈ చివరి సంవత్సరంలో ఉన్నాడు. బ్రిటన్‌లో ఎమ్మెస్సీకి ‘ఆనర్స్ డిగ్రీ’ కావాలని ఒక ప్రకటనలో చూశాము. ఇక్కడ ఆనర్స్ తీసుకోనందుకు అవకాశం పోయినట్లేనా?
– ఒక తండ్రి, టి.నగర్

జవాబు: కంగారు పడకండి, రెండు చోట్లా మాట ఒకటే కానీ అర్థం వేరు. బ్రిటన్‌లో ఎక్కువమంది చదివే సాధారణ డిగ్రీనే ఆనర్స్ డిగ్రీ అంటారు. అందులో సాధారణంగా 70 శాతం, ఆపైన వస్తే ఫస్ట్ క్లాసు, 60 నుంచి 69 వరకు అప్పర్ సెకండ్. మన నాలుగేళ్ల బీఈని దానికి సమానంగా చూసే విశ్వవిద్యాలయాలు, భారతీయ అభ్యర్థులకు ఇంత శాతం లేదా ఇంత సీజీపీఏ ఉండాలని విడిగా చెబుతాయి. మీ అబ్బాయి ప్రతి విశ్వవిద్యాలయం ప్రవేశ నిబంధనల్లోనూ వెతకవలసింది ఆ అంకెనే.