అమెరికాలో స్టూడెంట్ స్టేటస్ పోయింది, మళ్ళీ ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వేస్తే ఇస్తారా?

ప్రశ్న: నమస్తే సర్. మాది ఖమ్మం. టెక్సాస్‌లో ఎమ్మెస్‌కి వెళ్ళాను, రెండో సెమ్‌లో కామెర్లు వచ్చి బాగా నీరసపడిపోయి రెండు సబ్జెక్టులు డ్రాప్ చేశాను. ముందు డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే ఆఫీసర్) పర్మిషన్ తీసుకోవాలని నాకు తెలీదు. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) టెర్మినేట్ అయిందని మెయిల్ వచ్చింది, నెలన్నర ఆగి ఇంటికొచ్చేశాను. ఇప్పుడు వేరే యూనివర్సిటీ ఐ-20 (స్టూడెంట్ వీసాకి కావాల్సిన అడ్మిషన్ ఫారం) ఇచ్చింది. కన్సల్టెన్సీ వాళ్ళేమో పాత సంగతి డీఎస్-160లో (వీసా అప్లికేషన్ ఫారం) రాయకు, కొత్త పాస్‌పోర్ట్ తీసుకో, ఫ్రెష్ కేసులా వెళ్ళు అంటున్నారు. మా బావేమో మూడేళ్ళ బ్యాన్ ఉంటది, డబ్బులు దండగ అంటున్నాడు. పాత వీసా మీద ఇంకా మూడేళ్ళు డేట్ ఉంది, దాంతోనే వెళ్ళిపోవచ్చా అని కూడా ఒక డౌట్. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినకు తమ్ముడూ. మీ బావ పాపం సగం విని చెప్తున్నాడు, కన్సల్టెన్సీ వాళ్ళు మాత్రం నిన్ను నిజంగానే ముంచేసే సలహా ఇస్తున్నారు.

ముందు బ్యాన్ సంగతి చూద్దాం. అమెరికాలో 180 రోజులు దాటి అన్‌లాఫుల్ ప్రెజెన్స్ (అనుమతి లేకుండా ఉన్న రోజులు) లెక్కపడి బయటికొస్తే 3 ఏళ్ళు, ఏడాది దాటితే 10 ఏళ్ళు రానివ్వరు, ఆ రూల్ ఉన్నమాట నిజమే. కానీ స్టూడెంట్లకి ఐ-94 (అమెరికాలో దిగినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) మీద మామూలుగా ఫలానా తేదీ అని ఉండదు, డి/ఎస్ అని ఉంటుంది, అంటే చదువు సక్రమంగా సాగినన్నాళ్ళు ఉండొచ్చని. అలా వెళ్ళినవాళ్ళకి సెవిస్ టెర్మినేట్ అయినంత మాత్రాన ఆ రోజుల లెక్క మొదలవ్వదు, ఇమిగ్రేషన్ వాళ్ళు ఏదో అప్లికేషన్ చూస్తూ నువ్వు స్టేటస్ తప్పావని తేల్చాలి, లేదా ఇమిగ్రేషన్ జడ్జి ఆర్డర్ ఇవ్వాలి. నీ ఉత్తరాన్నిబట్టి ఆ రెండూ జరగలేదు, పైగా ఉన్నదే నెలన్నర. కాబట్టి నీకు బ్యాన్ లేదు. ఐ-94 ఒకసారి ఆన్‌లైన్‌లో తీసి డి/ఎస్ అనే ఉందా చూసుకో, చాలు.

ఇప్పుడు అసలు డేంజర్. డీఎస్-160లో ఒక ప్రశ్న ఉంటుంది, ఎప్పుడైనా గడువు దాటి ఉన్నావా, లేదా ఇంకేరకంగానైనా వీసా షరతులు తప్పావా అని. నీ జవాబు ఎస్. కిందే వివరం రాయడానికి బాక్స్ వస్తుంది, అందులో మూడు నాలుగు వాక్యాల్లో ఉన్నది ఉన్నట్టు రాసెయ్. నో అని కొడితే దాన్ని అబద్ధం చెప్పి వీసా తెచ్చుకోవడానికి ట్రై చేశాడు అన్న లెక్కలో వేస్తారు, అది 3 ఏళ్ళూ 10 ఏళ్ళూ కాదు, జీవితాంతం వెంటపడే ముద్ర. తర్వాత పెళ్ళయి డిపెండెంట్‌గా వెళ్దామన్నా, హెచ్-1 వచ్చినా, చెల్లెలి కాన్వొకేషన్‌కి టూరిస్టుగా వెళ్దామన్నా వెయివర్ (మినహాయింపు) అడుక్కుంటూ తిరగాలి. కొత్త పాస్‌పోర్ట్ సలహా వింటే నాకు నవ్వొచ్చింది, పది వేళ్ళ ముద్రలూ మొదటిసారే ఇచ్చేశావు కదా, నంబరు మారితే వేళ్ళు మారతాయా! కిటికీ అవతల ఆఫీసర్ స్క్రీన్ మీద నీ పాత సెవిస్ రికార్డు, ఎందుకు టెర్మినేట్ అయిందో ఆ కారణంతో సహా ఉంటుంది, నువ్వు చెప్పేది దానికి కలుస్తుందా లేదా అన్నదే వాళ్ళు చూసేది.

పాత వీసా డేట్ ఉంది కదా అని ఫ్లైట్ ఎక్కకు. మనవాళ్ళకి ఎఫ్-1 మామూలుగా 5 ఏళ్ళకి కొడతారు కాబట్టి స్టేటస్ పోయినా స్టాంపు మీద డేట్ మిగిలే ఉంటుంది, కానీ అది చదివి చాలామంది ధైర్యం చేస్తారు, ఎయిర్‌పోర్టులో ఆపి ఎక్స్‌పెడిటెడ్ రిమూవల్ (జడ్జి దాకా పోకుండా అక్కడికక్కడే పంపేసే పద్ధతి) కింద తిప్పి పంపారంటే అప్పుడు నిజంగానే 5 ఏళ్ళ బ్యాన్ పడుతుంది. కొత్త వీసాకే వేసుకో.

కొత్త ఐ-20 మీద సెవిస్ నంబర్ కూడా కొత్తదే కాబట్టి సెవిస్ ఫీజు 350 డాలర్లు మళ్ళీ కట్టాలి, వీసా ఫీజు 185 డాలర్లు వేరే. డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా కాయితాలిచ్చి వీసా తెచ్చుకోవడం) ఆశ పెట్టుకోకు, 2025 సెప్టెంబర్ 2 నుంచి స్టూడెంట్లకి అది తీసేశారు, ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిందే. హైదరాబాద్‌లో కష్టం, చెన్నైలో ఈజీ అని తిరిగే కథలు నమ్మొద్దు, ఎక్కడ కూర్చున్నా కనిపించేది ఒకటే రికార్డు. సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమని 2025 జూన్ నుంచి అడుగుతున్నారు, అదీ గుర్తుపెట్టుకో. ఇంకోటి, కొత్త సెవిస్ అంటే సీపీటీ (చదువుతూ చేసే పనికి అనుమతి), ఓపీటీ (ఎక్కువగా చదువయ్యాక చేసే పనికి అనుమతి) కోసం ఏడాది చదువు లెక్క మళ్ళీ మొదట్నుంచి, పాత సెమిస్టర్లు దాంట్లో కలవవు.

ఫైల్‌లో ఏం పెట్టుకోవాలంటే, అక్కడి హాస్పిటల్ బిల్లులు, బ్లడ్ రిపోర్టులు, ఇక్కడికొచ్చాక చేయించుకున్న వైద్యం కాయితాలు, పాత ట్రాన్‌స్క్రిప్ట్, పాత ఐ-20లు, తిరిగొచ్చిన రోజు బోర్డింగ్ పాస్. బోర్డింగ్ పాస్ లేకపోతే పాస్‌పోర్టులో మన ఇమిగ్రేషన్ స్టాంపు ఉంటుందిగా. అడిగితేనే తియ్యి. ఎందుకు టెర్మినేట్ అయింది అంటే, జబ్బు చేసింది, డీఎస్ఓని అడక్కుండా కోర్సులు తగ్గించాను, అది నా పొరపాటే, మెయిల్ వచ్చిన నెలన్నరకి వచ్చేశాను, ఇప్పుడు ఆరోగ్యం బాగుంది అని ఇంగ్లీషులో అరనిమిషం, అంతే. రూల్ తెలీదు, యూనివర్సిటీ వాళ్ళు చెప్పలేదు అంటూ వాదన మొదలుపెడితే పని చెడుతుంది.

కొత్త ఐ-20 ఎక్కడిదో నువ్వు రాయలేదు. నాకు భయం అక్కడే. మొదటి రోజు నుంచే సీపీటీ, క్లాసులకి రానక్కర్లేదు అనే కాలేజీ అయితే ఎంత నిజం చెప్పినా ఆఫీసర్ నమ్మడు. 2011లో కాలిఫోర్నియా ట్రై వ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ గొడవలో, 2019లో ఫార్మింగ్టన్ గొడవలో ఎంతమంది మన పిల్లలు ఇరుక్కున్నారో మీ ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ ఫార్మింగ్టన్ అయితే ఇమిగ్రేషన్ వాళ్ళే వల వేసి నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. పాత కోర్సుకి కొనసాగింపుగా ఉండే కోర్సు, క్లాసులు సరిగ్గా జరిగే చోటు అయితే నీ కథకి బలం వస్తుంది. ఒకసారి 214బి (చదివి తిరిగొస్తావన్న నమ్మకం కలగలేదనే సెక్షన్) కింద రిజెక్ట్ చేసినా మళ్ళీ వేయొచ్చు, కాకపోతే కాయితాల్లో ఏదీ మారకుండా వారానికే స్లాట్ పట్టుకుని పరిగెత్తడం దండగ. చిలుకూరు వెళ్ళి 11 ప్రదక్షిణాలు చేసి రా, నేను వద్దనను, డీఎస్-160 మాత్రం నీ చేత్తో నువ్వే నింపు.

ప్రశ్న: మా అమ్మాయి మిస్సోరీలో ఉంది, మూడు నెలల కిందట సెవిస్ పోయింది. అక్కడే ఉండి రీఇన్‌స్టేట్‌మెంట్ (పోయిన స్టేటస్ తిరిగి ఇవ్వమని అడగడం) వేస్తానంటోంది. మేం వచ్చెయ్యమంటున్నాం. - ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, స్టేటస్ పోయిన 5 నెలల లోపు అయితే ఐ-539 ఫారంతో అడిగే వీలుంది. కానీ ముందు అమ్మాయిని ఒక్కమాట అడగండి, కోప్పడకుండా: బయట గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో పని చేసిందా అని. చేసుంటే రీఇన్‌స్టేట్‌మెంట్ దారి మూసుకుపోయినట్టే. చేయకపోతే, తన చేతుల్లో లేని కారణం వల్లే తప్పిందని రుజువు ఉంటే, యూనివర్సిటీ డీఎస్ఓ సపోర్ట్ చేసి కొత్త ఐ-20 ఇస్తే వేయొచ్చు. తేలడానికి నెలలు పడుతుంది, ఈలోపు ఫుల్‌టైమ్ చదవాలి, క్యాంపస్‌లో కూడా పని చేయకూడదు, అంటే ఖర్చంతా మీమీదే. ఒకవేళ కాదన్నారనుకోండి, ఆ మర్నాటి నుంచి ఆ 180 రోజుల లెక్క మొదలవుతుంది, చేతిలో ఉన్న వీసా కూడా చెల్లదు. అందుకే కారణం గట్టిగా లేకపోతే వచ్చేసి కొత్తగా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. అయితే టికెట్ బుక్ చేసేముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌కి ఆ టెర్మినేషన్ మెయిల్ చూపించమనండి, లాయర్ అంటే లాయరే, ఏజెంటు కాదు.