బెయిల్ మాటలూ పోలిక మాటలూ ఒకే నోట్‌బుక్కులో

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

లీగల్ ఇంగ్లిష్‌లో బెయిల్ పాఠం, గ్రామర్‌లో కంపారెటివ్ అడ్జెక్టివ్స్ రెండూ ఒకే వారం మీద పడ్డాయని టెన్షన్ పడుతున్నావట. నన్నడిగితే అది నీ అదృష్టం. బెయిల్ మీద జరిగే వాదనంతా పోలికే కదా. ఈ నేరం దానికంటే పెద్దదా, ఈ మనిషి పారిపోయే అవకాశం ఎక్కువా తక్కువా, షరతులు ఇంకాస్త బిగించాలా? పోలిక లేకుండా అక్కడ వాదన ముందుకు సాగదు. అందుకే రెండు నోట్‌బుక్కులు పెట్టకు, ఒక్కటి చాలు.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. వకీలు దగ్గర గుమాస్తాగా చేరిన కొత్తలో, ఆర్డర్‌లో ‘రిలీజ్డ్ ఆన్ బెయిల్’ అని ఉంటే, వరండాలో నిలబడ్డ నిందితుడి తండ్రితో ‘విడుదల చేశారండీ’ అనేశాను. ఆయన కేసే కొట్టేశారనుకున్నాడు. తర్వాతి వాయిదాకి కొడుకుని పంపలేదు, వారెంట్ వచ్చింది. నేను మింగేసినవి ‘ఆన్ బెయిల్’ అనే రెండు చిన్న మాటలే. బెయిల్ అంటే విచారణకు వస్తాననే పూచీ మీద తాత్కాలికంగా బయట ఉండటం. నిర్దోషి అని తేల్చి వదిలేస్తే ‘అక్విటెడ్’ అంటారు. అలాగే ‘అక్యూజ్డ్’ నిందితుడు, ‘కన్విక్ట్’ శిక్ష పడ్డవాడు. ఈ తేడాలు రాకుండా మిగతా మాటలు ఎన్ని బట్టీ పట్టినా లాభం లేదు.

ఇంకో సంగతి, ఏ మాటనీ ఒంటరిగా నేర్చుకోకు. దాని పక్కన ఏ క్రియ వస్తుందో కలిపి రాసుకో. కోర్టు బెయిల్ ‘గ్రాంట్’ చేస్తుంది, ‘రెఫ్యూజ్’ చేస్తుంది, ఇచ్చాక ‘కాన్సిల్’ కూడా చేస్తుంది. ఈ అర్థంలో ‘ఎ బెయిల్’ అనకూడదు, ఇది లెక్కపెట్టే నామవాచకం కాదు. ‘ష్యూరిటీ’ అంటే జామీను ఉండే మనిషి, ‘బాండ్’ అంటే రాసిచ్చే పూచీకత్తు. బయటికొచ్చి కోర్టుకు మొహం చాటేస్తే ‘జంప్ బెయిల్’. అమెరికా వార్తల్లో కనిపించే ‘పోస్ట్ బెయిల్’కి పోస్టాఫీసుతో పనిలేదు, బెయిల్ సొమ్ము కట్టడం అన్నమాట. క్రికెట్‌లో వికెట్ల మీద పెట్టే బెయిల్స్ కూడా వేరే మాటే, స్పెల్లింగ్ చూసి కంగారు పడకు.

మన చట్టంలోని ‘నాన్‌బెయిలబుల్’ దగ్గర చదువుకున్నవాళ్లూ జారిపడతారు. బెయిల్ అసలు రాదని దాని అర్థం కాదు. హక్కుగా రాదు, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ.

ఇక పోలిక. తెలుగులో ‘ఈ షరతు ఆ షరతు కంటే కఠినం’ అంటాం. ‘కంటే’ పోయి నామవాచకానికి తగులుకుంది, ‘కఠినం’ మాత్రం కదల్లేదు. ఇంగ్లిష్‌లో ‘దేన్’ పెడితే చాలదు, అడ్జెక్టివ్ కూడా రూపు మార్చుకోవాలి. మనకి అలవాటు లేదు కాబట్టి ‘స్ట్రిక్ట్ దేన్’ అని రాసేస్తాం. ఎవరైనా దిద్దితే భయపడి ‘మోర్ స్ట్రిక్టర్’ అని రెండు తొడుగులు తొడుగుతాం! ‘స్ట్రిక్టర్’ ఒక్కటే చాలు. ‘హై’ హయ్యర్, ‘హెవీ’ హెవియర్ అవుతాయి. ‘సీరియస్’, ‘లీనియంట్’ లాంటి పొడుగు మాటలకు ముందు ‘మోర్’ వస్తుంది. ‘లైక్లీ’ చూడ్డానికి పొట్టిదే అయినా మామూలుగా ‘మోర్ లైక్లీ’ అనే అంటారు. ‘మోర్ లైక్లీ టు అబ్‌స్కాండ్’, అంటే పరారయ్యే అవకాశం ఎక్కువ. ఇది బెయిల్ వాదనల్లో తరచూ వినపడుతుంది, నోటికి తెచ్చుకో. ‘సీనియర్’, ‘జూనియర్’ల తర్వాత ‘దేన్’ రాదు, ‘టు’ వస్తుంది.

అన్నిటికంటే మొండి తప్పు వేరే ఉంది. ‘అతని బెయిల్ మొత్తం రెండో నిందితుడి కంటే ఎక్కువ’ అని మనం మాట్లాడేస్తాం, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఇంగ్లిష్‌లో అలాగే రాస్తే సొమ్మునీ మనిషినీ తూకం వేసినట్టు అవుతుంది. సొమ్ముని సొమ్ముతోనే పోల్చాలి కాబట్టి ‘దేన్’ తర్వాత ‘దట్ ఆఫ్’ చేర్చు. నేను ఇది వంటబట్టించుకోడానికి ఏళ్లు పట్టింది.

ఒక్కచోట మాత్రం తెలుగే మనకు సాయం చేస్తుంది. ‘అభియోగం ఎంత తీవ్రమైతే బెయిల్ మొత్తం అంత ఎక్కువ’ అన్న మన ‘ఎంత, అంత’ జోడీని ఇంగ్లిష్‌లోకి దాదాపు అలాగే దించవచ్చు: ‘ద మోర్ సీరియస్ ద చార్జ్, ద హయ్యర్ ద బెయిల్’.

అయితే ఈ వాక్యం అన్ని దేశాలకూ సరిపోదు. అమెరికాలో చాలాచోట్ల బెయిల్ అంటే సొమ్మే గుర్తొస్తుంది కాబట్టి ‘హయ్యర్ బెయిల్’ అనడం సహజం. అక్కడా ఇల్లినాయ్ రాష్ట్రం 2023లో నగదు బెయిల్‌ని ఎత్తేసింది. ఇంగ్లండ్‌లో 1976 నాటి బెయిల్ చట్టం కింద చాలామంది ముందుగా డబ్బు కట్టకుండానే బయటికొస్తారు. అక్కడ ఎక్కువగా పోల్చేది షరతుల్ని, అంటే ‘స్ట్రిక్టర్ కండిషన్స్’ అనాలి. ఇంగ్లండ్‌లో 1689 నాటి హక్కుల బిల్లు, 1791లో ఆమోదం పొందిన అమెరికా రాజ్యాంగం ఎనిమిదో సవరణ, రెండూ ‘ఎక్సెసివ్ బెయిల్’ కూడదన్నాయి. ‘ఎక్సెసివ్’ అంటే మితిమీరినదని. ‘హయ్యర్’ అంటే దేనికంటేనో ఎక్కువ, అది న్యాయమే కావచ్చు. ‘ఎక్సెసివ్’ అన్నావంటే తప్పు పట్టినట్టే. పరీక్షలో ఒకదాని బదులు ఇంకోటి వాడకు.

రోజూ ఒక పని చెయ్యి. ఇద్దరు నిందితుల్ని ఊహించుకో. ఒకడికి సొంతిల్లు, ఉద్యోగం, పిల్లలు. ఇంకొకడికి పాస్‌పోర్టు, విదేశంలో అన్న, పాత వాయిదాకి ఎగ్గొట్టిన చరిత్ర. ఎవరికి బెయిల్ ఇవ్వాలో జడ్జిలా అయిదు వాక్యాలు రాయి, ప్రతి వాక్యంలో ఒక పోలిక, ఒక బెయిల్ మాట ఉండాలి. మర్నాడు వకీలువై ఆ రెండోవాడి తరఫున వాదించు. అప్పుడే ‘లెస్ సీరియస్’, ‘లోయర్’ లాంటి మాటలు బయటికొస్తాయి. పైకి చదువు. ‘బెయిల్’ని సాగదీసి పలుకు, లేకపోతే బడి గంటలా వినిపిస్తుంది.

రాసినవి దిద్దుకోకుండానే నాకు పంపు. నీ తప్పులు నాకు అలాగే కావాలి.

ఇట్లు,
మీ మావయ్య